కుంచె పట్టి రాసిన పేరు

పండూ, నేను బాగానే ఉన్నాను, నువ్వూ నాన్నా కంగారు పడకండి.

అక్క గది ఇంకా సర్దుతూనే ఉన్నాను. మూత తీయని రంగులు కొన్ని దొరికితే, అక్క కొనుక్కునే కొట్టుకు ఇవాళ పట్టుకెళ్ళాను. ఆదివారం ఆదివారం బొమ్మల సరదా ఉన్నవాళ్ళంతా అక్కడ కూర్చుని వేసుకుంటారు, వాళ్ళకు ఇచ్చేశాను. కొట్టావిడ నాకు కుర్చీ వేసి, కుంచె కొనేముందు గీసి చూసుకునే కాగితాలు తెచ్చి చూపించింది. "మీ అమ్మాయి ఏ కుంచె పట్టినా ఈ పేరే రాసేదండీ. ఎవరమ్మా ఈ పండు అంటే, మా ఇంట్లో రాక్షసిలెండి అని నవ్వేది" అంది. ఎన్ని రంగుల్లో రాసిందో నీ పేరు! చివరిది తను పోయే ముందు ఆదివారం రాసిందట. అంటే మీ పోట్లాట అయ్యాకే. అక్క నీ మీద కోపంతోనే పోయిందని ఇంక అనుకోకు తల్లీ.

గదికొచ్చాక ఈ మాట చెప్పుకోవడానికి మనిషి లేక కార్డు తీశాను. నాన్న మాత్రలు వేసుకుంటున్నారా? అక్క ఇనప్పెట్టె తాళంచెవి నా పాత సంచిలో ఉంది, పంపించు. చోటు అయిపోయింది. చల్లగా ఉండు. కంచం ముందు నుంచి లేచిపోతున్నావని నాన్న రాశారు. కడుపు నిండా తిను.