పస్కా పుస్తకం

తమ్ముడు జయకర్‌కు,

ప్రార్థన చేసుకున్నాకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. అయినా కోపం తగ్గలేదు.

స్త్రీల కూడికలో చదవాలని యూదుల పస్కా పండుగ మీద నేను ఎంచి కొన్న పుస్తకాన్ని, సంఘ పెద్దవైన నువ్వు చర్చి బీరువాలోంచి తీసి పాత పేపర్లతో అమ్మించేశావు. పైగా ఆదివారం మైకులో, "మా అక్క యూదుల్లో కలిసిపోతోందండీ! టెన్త్ చదువుకి ఇంత పరిశోధనా?" అని అందరినీ నవ్వించావు.

పన్నెండేళ్లప్పుడు యేసయ్య యెరూషలేము వెళ్లింది ఆ పండక్కే కదా? హైటెక్ సిటీలో అంత పెద్ద ఉద్యోగం చేస్తున్నావు, ఒక్క పేజీ అయినా తిప్పావా?

పాత పేపర్ల కొట్టుకు వెళ్లి పుస్తకం తెచ్చుకున్నాను. శనివారం మియాపూర్‌లో మా ఇంట్లోనే చదువుతాం. ఏడుగురు వస్తామన్నారు. నువ్వూ రా. చెప్పులతోపాటు ఆ నవ్వు కూడా గుమ్మం బయటే విడిచి రా.

అక్క