నీ పేరున ఇచ్చిన చందా

పార్వతీ,

నువ్వెల్లిపోయి ఇవాల్టికి ఏడాది. సంవత్సరీకం భోజనాలు తగ్గించి, ఆ డబ్బు ఆడవాళ్ల జబ్బుల మీద పరిశోధన చేసేవాళ్లకి నీ పేరున ఇద్దామని మన అమ్మాయి సుజాత పట్టుబట్టింది. సరేనన్నాను.

చందా తీసుకోడానికి సెక్టర్ ఆరులో మన తెలుగోళ్ల హాలుకి ఒక డాక్టరమ్మ వచ్చింది. డబ్బిచ్చేస్తే నా పనయిపోద్దనుకున్నాను. అదొక్కటే చాలదంది. నిన్ను తీసుకుపోయిన గర్భసంచి కేన్సరుని ముందే ఎలా పట్టుకోవాలో తెలియాలంటే, ఆడవాళ్లు నోరు విప్పి బాధ చెప్పాలంట. "మీకేమైనా ఇబ్బందుందా అమ్మా?" అని మనోళ్లని ఒక్కొక్కరినీ అడిగింది. అందరూ పైట సర్దుకుని నవ్వేసి, "ఏటీ నేదు" అన్నారు. కడుపు పట్టుకుని గోడకి ఆనుకున్నప్పుడల్లా నువ్వు అనే మాటే అది. డాక్టరమ్మ నాకేసి చూసింది. డబ్బు కవరు ఆవిడ చేతిలో పెట్టేసి వచ్చేసాను.

ఇంటికొచ్చాక చూస్తే, సుజాత వంటింట్లో కడుపు పట్టుకుని గోడకి ఆనుకునుంది. "ఏటైంది తల్లీ?" అన్నాను. ఈ హిందీవాళ్ల ఊళ్లోనే పుట్టిన పిల్ల కదా, మనం తెలుగులో ఏటడిగినా హిందీలోనే బదులిస్తాదని నువ్వెంత విసుక్కునీదానివో. ఈసారి మాత్రం తెలుగులోనే చెప్పింది, నవ్వుతూ.

"ఏటీ నేదు, నాన్నా."