చుక్కల బాణం, సున్నం గుర్తు

జహీరాబాద్,
సోమవారం

నందినీ బిడ్డా,

"ఉత్త గీతలే కదా నానమ్మా" అన్నవు మొన్న ఫోన్ల. తప్పు. ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పి రిటైరైన నా ముందర గీతను ఉత్తది అన్నది నువ్వే మొదలు. అప్పుడే దులిపేదాన్ని గాని, ఫోన్లయితే మధ్యల అడ్డమొస్తవు. ఉత్తరంల చివరిదాంక నా మాటే చెల్లుతది.

నీ గొడవ నాకు అర్థమైనకాడికి ఇది. సాఫ్ట్‌వేర్ కట్టే ముందు దాని నక్షా గీస్తరు. ఆ నక్షాలో ఏ గుర్తుకు ఏ అర్థమో చెప్పే నియమాల పుస్తకం మీ కమిటీ రాస్తున్నది. నువ్వు రాసిన మూడో అధ్యాయంలో చుక్కల బాణమంటే ఒక భాగం ఇంకోదాని మీద ఆధారపడ్డదని. ఏడో అధ్యాయంలో అదే బాణానికి జవాబు వెనక్కి పోతున్నదని అర్థం. నువ్వొక్కదానివే వద్దన్నవు. "సందర్భాన్ని బట్టి తెలుస్తది మేడమ్" అని నవ్విన్రు. ఇగ అలిసిపోయినవు, శుక్రవారం సంతకం పెట్టేస్తనంటున్నవు.

అలసట నాకూ తెలుసు. అందుకే, నీకు చెప్పొద్దని మీ అన్న ఒట్టు వేయించుకున్న సంగతి చెప్తున్న.

మహిధర్ పోయిన వారం దవాఖానల ఉన్నడు. ఫికర్ చెయ్యకు, ఇప్పుడు మంచిగనే ఉన్నడు, చాయ్ బాగలేదని నన్ను అంటున్నడు. మన ఇంట్ల విత్తనం కుండ మీద సున్నంతో ఇంటూ గుర్తు పెడ్తం, ముట్టొద్దని. మీ వదిన ప్రవీణ పుట్టిల్లు ఝరాసంగం. అక్కడ ఇంటూ అంటే ఏరి బాగు చేసింది, వండుకోవచ్చు అని. విత్తనానికైతే వాళ్లు గుండ్రం చుడ్తరు. పెండ్లయి ఎన్ని రోజులాయె, ఆమెకు ఎవరు చెప్పిన్రు? పురుగుల మందు కలిపిన విత్తనం కందులు ఉడకబెట్టి గుడాలు వేసింది. తెల్ల పొడి చూసి బూడిదనుకొని కడిగింది గూడ. పురుగు పట్టకుండ వాళ్లింట్ల దేనికైనా బూడిదే కలుపుతరు. మీ అన్న, కొత్త పెండ్లాం చేతి గుడాలని, ఇంకెవరికీ మిగల్చకుండ తిన్నడు.

ఆమె గూడ సందర్భం చూసిందే బిడ్డా. కుండ వంటింట్ల ఉన్నది, మీద గుర్తున్నది, మొగుడు ఆకలన్నడు. ఇంకేం సందర్భం కావాలె?

చూడవచ్చినోళ్లంతా ఆమెనే అన్నరు, "చదువుకున్న పిల్ల, గింత తెలవదా?" అని. అప్పటి సంది ఆమె కుండల దిక్కు చూస్తలేదు. నన్నడగకుండ కూరల ఉప్పు గూడ వేస్తలేదు. తప్పు ఆమెది గాదు, నాది గాదు. ఇద్దరం కరెక్టే. అసలు రోగం అదే.

సంతకం పెట్టకు.

మీ నానమ్మ,
మనోరమ

జహీరాబాద్,
బుధవారం

సంతకం పెట్టని నందినికి,

పోయిన శుక్రవారం సంతకం పెట్టలేదని రాసిన నీ జవాబు అందింది. సంతోషపడదామంటే ఆఖరి వాక్యం అడ్డమొచ్చింది: "నా బాణం మాత్రం మార్చను, ఏడో అధ్యాయం వాళ్లే మార్చుకోవాలి." అచ్చం నా పోలిక. మీ తాత ఉంటే నవ్వేటోడు.

నేనూ ఇంట్ల ఇంటూనే ఉండాలన్న. కాపురానికొచ్చినప్పటి సంది పెట్టుకున్న గుర్తు. "సరే అవ్వా" అన్నది ప్రవీణ. ఆ సరే నాకు మంచిగ వినవడలే. నిన్న పొద్దున కుండల ముందర కూలబడ్డ. రేపు ఇవి తెరిచేది ఎవరు, నేనా? ఇంటూ కనవడాలన్నా అద్దాలు వెతుక్కోవాలె. ఇంకా ఎన్నో ఏండ్లు వండేది ఆమె. తడిబట్ట తీసుకొని నా గుర్తులన్ని నేనే తుడిచిన. లేవబోతే మోకాళ్లు రాలే. ప్రవీణ వచ్చి చెయ్యిచ్చి, కుండల దిక్కు చూసింది.

"గుండ్రం వెయ్యాల్నా అవ్వా?"

"నన్నెందుకడుగుతవు? నీ గుర్తు నువ్వెయ్యి."

వేసింది. లెక్కల టీచరింట్ల అంత వంకర వృత్తం! పండ్ల కింద నాలుక పెట్టుకున్న. ఆ పూట నన్నడగకుండ పప్పుల ఉప్పేసింది. జర ఎక్కువే వేసింది.

ఏడో అధ్యాయం బాణాన్నే ఎక్కువమంది వాడుతరని నువ్వే రాసినవు. ఇగ ఎవరి బాణం మారాలెనో నువ్వే తేల్చుకో.

సున్నం ఊకె రాలిపోతది. శనివారం బస్సెక్కే ముందు ఎర్ర పెయింట్ చిన్న డబ్బా, సన్న కుంచె కొనుక్కరా. మూత బిగుతుగ ఉన్నదో లేదో చూడు. పోయినసారి నూనె సీసా తెచ్చి బట్టలన్ని ఆగం చేసినవు.

మీ నానమ్మ,
మనోరమ