కరుణ స్టేటస్

ఆదివారం, నంద్యాల.

ఈరోజు ఆళ్లగడ్డ చర్చిలో మా ఫౌండేషన్ తరఫున పిల్లలకు కాలేజీ స్కాలర్‌షిప్పులు ఇచ్చాం. దాతలకు పంపాలని అందరినీ ఫాదర్ పక్కన నిలబెట్టి ఫోటో తీశాను. ఆ పిల్లల్లో ఒకరైన కరుణ వాళ్లమ్మ నన్ను పక్కకు లాగింది.

“మేడమ్, ఆ ఫోటో యాడా పెట్టొద్దు. కులం సర్టిఫికెట్లో మేం హిందూ ఎస్సీలం. చర్చికి పోతాండామని తెలిస్తే పాప సీటు పోతాది.”

ఆమె కళ్లెదుటే ఆ ఫోటో చెరిపేశాను. దాతలకు ఏం చెప్పాలా అని బస్సులో దారంతా ఆలోచించాను.

ఇంటికొచ్చి చూస్తే, ఫాదర్ పక్కన జపమాలతో నవ్వుతూ తన ఫోన్‌లో దిగిన ఇంకో ఫోటో కరుణే వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకుంది. ఇప్పటికే ఎవరెవరు చూశారో! తీసేయమని చెప్పాలి. నంబరు నొక్కబోయి ఆగాను.

దేవుణ్ణి ఎవరి ముందూ దాచుకోవద్దని చర్చి సత్యోపదేశం క్లాసులో ఆ పిల్లకు నేర్పింది నేనే.