జిగురు ఆరేదాకా

సిటీ బస్సు నడిపి రిటైరైన నేను, తెలివీ జ్ఞాపకమూ సరిగ్గా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, ఇష్టపూర్వకంగా రాస్తున్న వీలునామా ఇది. గుండె డాక్టరు మాత్రం కాస్త తొందరపెట్టాడు. దాన్ని బలవంతం కింద జమకట్టకండి. దీన్ని అమలు జరిపే బాధ్యత నా ఒక్కగానొక్క కూతురిది.

1. ఇంట్లో నా వాటా, అందులోని సామాను నా తదనంతరం కూతురికి చెందుతాయి. సర్వహక్కులతో అనుభవించవచ్చు.

2. పలకలు కోసే మిషనూ, గరుకు కాగితాలూ అల్లుడికి. నా పికప్ బండి వెనక, ప్రయాణాల్లో పడుకోవడానికి క్యాంపర్ గది కడుతుంటే, "బండి మీద ఫ్రిజ్ కడుతున్నారా అత్తయ్యా?" అని నవ్వినవాడే, మర్నాడు వచ్చి పలకల అంచులన్నీ నున్నగా రుద్దిపెట్టాడు. నోరు దురుసు, చెయ్యి మంచిది.

3. ఆ పికప్పూ, దానిమీది గదీ నా తోడికోడలికి రాస్తున్నాను. ఇది చదివి కూతురు ఉలిక్కిపడుతుంది కనుక కారణం చెబుతాను.

మా అత్తగారు ఆస్పత్రిలో కన్నుమూసేముందు నన్ను చూడాలన్నారట. పక్కనే ఉన్న తోడికోడలు నాకు కబురు పెట్టలేదని ఆమెతో మాట మానేశాను. పెరట్లో అడ్డుగోడ లేచింది. ఏళ్ల తరబడి దానికి అటొకరం ఇటొకరం బట్టలు ఆరేసుకున్నాం.

రిటైరయ్యాక, పాత కోల్డ్ స్టోరేజీ పడగొడుతుంటే దాని గోడల పలకలు తెచ్చుకున్నాను. మధ్యలో థర్మోకోల్ లాంటి దిమ్మ, రెండువైపులా ఫైబరు. తేలిక, గట్టి. పక్కగోడలు ఒక్కదాన్నే నిలబెట్టాను. పైకప్పు పలకకు జిగురు రాసి ఎత్తిపెట్టేసరికి ఈదురుగాలి మొదలైంది. ఒక కొస అదిమితే రెండో కొస లేస్తోంది. జిగురేమో గట్టిపడిపోతోంది. "అటువైపు ఎవరైనా ఉన్నారా?" అని కేకేశాను. ఎవరుంటారో తెలిసే.

తోడికోడలు స్టూలు వేసుకుని గోడెక్కి ఇటు దిగి వచ్చింది. "ఎక్కడ పట్టుకోమంటావక్కా?" అంది.

నేను నిచ్చెన మీద, ఆమె టైరు మీద, జిగురు ఆరేదాకా చెరో అంచూ అదిమి నిలబడాలి. విసురుగా వెళ్లిపోయే వీల్లేదు. అప్పుడడిగాను, ఆ రోజు ఎందుకు చెప్పలేదని.

"డిపోకి రెండుసార్లు ఫోన్ చేశానక్కా. నీ బస్సు రాగానే చెప్తామన్నారు. చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. కళ్లు తుడుచుకోవడానికి నాకు చెయ్యి ఖాళీ లేదు. ఆమెకూ లేదు.

మిగతా పనంతా కలిసే చేశాం. పరుపులు ఆమె కుట్టింది, బండి నడపడం నేను నేర్పాను. గేరు మార్చినప్పుడల్లా "సారీ" అంటుంది బండితో. అయినా లైసెన్సు మొదటిసారికే తెచ్చుకుంది.

4. ఇక కూతురికి ఒక షరతు. అమ్మా, నన్ను చూసే నువ్వూ మొహం తిప్పుకోవడం నేర్చావు. పిన్నిని ఇప్పటికీ "పక్కింటావిడ" అంటావు. ఆ కోపం నేను ఎప్పుడో వదిలేశాను కాబట్టి నా ఆస్తిలోకి రాదు, నీకు సంక్రమించదు. నా తదనంతరం ఆ బండి మొదటి ప్రయాణంలో పక్క సీట్లో నువ్వు కూర్చోవాలి. ఎక్కడికన్నది ఆమె ఇష్టం. పిన్నీ అని పిలవమని రాయను, అలాంటివి కాగితం మీద చెల్లవు. దారి అడిగితే మాత్రం చెప్పు. కుడీ ఎడమా ఆమెకు ఇంకా తికమకే.

శనివారం, జూన్ ఆరో తేదీ.

(సంతకం) బస్సు డ్రైవరు, రిటైర్డ్

ఆమె పైకి చదివి, మా ఎదుట సంతకం చేయగా చూసినవాళ్లం:
జిగురు కొట్టు యజమాని
ఆమె బస్సులో పనిచేసిన కండక్టరు