టీవీ అక్క అడిగిన దుప్పట్లు

శ్రీవారికి మీ ఇల్లాలి నమస్కారాలు. ఇక్కడ నేనూ, హాస్టల్లోని ముప్పైనలుగురు పిల్లలూ క్షేమం. మీరు క్షేమమనీ, మీ దగ్గు మాత్రం క్షేమంగా లేదనీ తలుస్తాను.

ఈ ఉత్తరం మొదలుపెట్టి మూడుసార్లు లేచాను. కాలుగాలిన పిల్లిలా వరండాలో తిరుగుతుంటే వంటావిడ, "కాస్త కుదురుగా కూర్చోండమ్మా, మిమ్మల్ని చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అంది.

మీరడిగినవాటికి జవాబులు. అవును, టీవీలో చూపించింది మన హాస్టలే. అవును, ఆ కార్యక్రమం నడిపే టీవీ అక్క నిజంగానే అంత పొడుగు. మీ వంతెన పని దగ్గర మేస్త్రీలు కూడా ఆవిడలాగే "జాలి చాలదు, లేవండి!" అంటున్నారని రాస్తే నవ్వొచ్చింది. ఇక్కడా అదే వరస. ఆవిడ మెడదాకా బొత్తాలున్న చొక్కా వేసుకుంటే, వారం తిరిగేసరికి మా టీచర్లందరికీ మెడలు మాయం. ఇక మా పిల్లలకి దుప్పట్లు పంపండి అని ఆవిడ టీవీలో అనగానే నాలుగు లారీలు దిగాయి. భోజనాల గది వాటితోనే నిండిపోయి పిల్లలు మెట్లమీద తింటున్నారు. ఆ కార్యక్రమం చూసి ఒక కంపెనీ వానకి కారే మన హాస్టల్ పైకప్పు మార్పిస్తామని కూడా ముందుకొచ్చింది. ఆరేళ్ళుగా దానికోసం నేనెక్కని ఆఫీసు గుమ్మం లేదు, మీకు తెలుసు.

"పోయినేడు మా పనివాళ్ళమంతా కలిసి కొని పంపిన స్వెట్టర్లేమయ్యాయి? పిల్లలు అలా వణుకుతున్నారేం?" అని కూడా అడిగారు. దాటేద్దామనుకున్నాను. మీ దగ్గర ఎన్నాళ్ళు దాచను?

స్వెట్టర్లు భద్రంగానే ఉన్నాయి. కార్యక్రమం తీసిన రోజు కెమెరా అతను, "పిల్లలు వెచ్చగా ఉన్నారండీ, చూసేవాళ్ళకి జాలెలా పుడుతుంది?" అన్నాడు. విప్పించమని అనలేదు. అడగందే అమ్మయినా పెట్టదు కదా అని నాకు నేనే చెప్పుకుని, అందరిచేతా విప్పించి బీరువాలో పెట్టి తాళం వేశాను. గంటన్నర వరండాలో నిలబెట్టి, టీవీవాళ్ళు వెళ్ళాకే మళ్ళీ తీసి తొడిగించాను. అందరిలోకీ చిన్నదానికి జ్వరం కూడా వచ్చింది, తగ్గింది లెండి. టీవీ అక్కకి ఇదేమీ తెలియదు. పిల్లల చేతులు పట్టుకుని నిజంగానే ఏడ్చింది. నేను తేలుకుట్టిన దొంగలా పక్కనే నిలబడ్డాను.

పై ఆదివారం ఆవిడ మళ్ళీ వస్తోంది, పిల్లల సంతోషం లైవ్‌లో చూపించడానికి. నిజం చెబితే కప్పు పోతుంది, నా ఉద్యోగమూ పోవచ్చు. రేపు ఇంకో హాస్టల్ నోరు తెరిచి అడిగినా జనం నమ్మరేమోనని భయం. నోరు మూసుకుందామనే అనుకున్నాను, ఇవాళ పొద్దుటిదాకా.

టీవీవాళ్ళు మళ్ళీ వస్తున్నారని పొద్దున పిల్లలకి చెప్పాను. చిన్నది గబగబా స్వెట్టర్ విప్పి, మడతపెట్టి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"బీరువాలో పెట్టేయండి వార్డెనమ్మా. ఈసారి ఇంకా బాగా వణుకుతాను" అంది.

దానికి మళ్ళీ తొడిగి, బొత్తాలన్నీ పెట్టాను. ఆదివారం ఆవిడ మైకు ఇవ్వగానే చెప్పేస్తాను. మీరు మీవాళ్ళందరి మధ్యా కూర్చుని చూస్తారు కాబట్టి ముందే రాస్తున్నాను. సిగ్గనిపిస్తే తల దించుకోండి. టీవీ మాత్రం కట్టేయకండి.

ఇట్లు,
మీకు తప్ప ఇంకెవరికీ ముందుగా చెప్పుకోలేని
మీ భార్య