మూడు ఊర్ల మేకపిల్ల

పానగల్,
బుధవారం

అల్లుడు కృష్ణకాంత్‌ను మేనమామ లింగస్వామి దీవించి రాసేది. మేం మంచిగున్నం, మీ అత్త గోపమ్మ మోకాళ్లు తప్ప.

మొన్న ఫోన్ల నువ్వే చెప్తివి గద, "ఇంటి పనిల నోటిమాట నమ్మకు మామా, ఏదైనా కాయితం మీద ఉండాలె" అని. అందుకే ఇగ ఫోన్ బంద్. నీది గూడ నోటిమాటే గద! ఏం చెప్పాలన్నా రాసి పంపు.

బాత్‌రూము వాకిలి అవతలున్నది. వాన పడ్డప్పుడు ఆ బండల మీద మీ అత్త రెండుసార్లు జారింది. మూడోసారి జారితే దవాఖానే. వానలు రాకముందే ఇంటికి కలిపి కట్టాలె. ఇరవై గొర్లు అమ్మిన పైసలు నీకాడ ఉన్నయి. ఇంకిన్ని అమ్ముదామంటే మందల లెవ్వు.

యోహాను మేస్త్రిని పిలిచి గొర్రెను కొన్నట్టే పరీక్ష చేసిన. నోరు తెరవమని పండ్లు చూసిన. నడుము వత్తి చూసిన. సంతల గొర్రెకు ఉప్పు మేపి, నీళ్లు తాపి, కడుపు ఉబ్బిచ్చి అమ్ముతరు. అందుకే ఒక దినం కట్టేసి, ఉబ్బు దిగుతదేమో చూస్తం. మేస్త్రిని కట్టేస్తే బాగుండదని, మూడు దినాలాగి రమ్మని మళ్ల రేటు అడిగిన. పైసా పెరగలే. పైగా "పాత ఇటుకలు పనికొస్తయి, కొత్తయి ఎందుకు" అన్నడు. నాకు అనుమానమే అయితాంది. అమ్మేటోడు గింత తక్కువ మాట్లాడుతడా?

ఇట్లు,
నీ మామ

తా.క.: పండ్లు చూస్తుంటే యోహాను, "ఎన్ని ఈతలు ఈనిననో గూడ అడుగు" అన్నడు.

షాద్‌నగర్,
సోమవారం

మామకు నమస్కారాలతో,

నీ ఉత్తరం చదివి నీ కోడలు పూజ నవ్వీ నవ్వీ పొయ్యి మీద పప్పు మాడ్చింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. మేస్త్రి గొర్రె కాదు మామా! పళ్లు చూస్తే పనితనం తెలుస్తుందా? చేసిన పని చూడాలి, చేయించుకున్నవాళ్లను అడగాలి, ఒప్పందం రాయించుకోవాలి. యోహాను దగ్గర కాగితం ముక్కైనా ఉందా? వదిలెయ్యి.

ఇక్కడ ఎల్లేష్ అని కాంట్రాక్టర్ దొరికాడు. రంగురంగుల ప్లాను, స్టాంపు పేపరు, ఏసీ ఆఫీసు. ముగ్గురు కస్టమర్ల నంబర్లు ఇచ్చాడు. ముగ్గురితోనూ మాట్లాడాను, ఒకరిని మించి ఒకరు పొగిడారు. ఆ నంబర్లు కింద రాస్తున్నాను, నువ్వూ మాట్లాడు. శుక్రవారం నీ గొర్రెల డబ్బు మొత్తం అడ్వాన్సు ఇచ్చేస్తాను. మొత్తం ఇస్తే టైల్స్ ఫ్రీ అట.

ఇక నిశ్చింతగా ఉండమని,
నీ అల్లుడు

తా.క.: నడుము వత్తినప్పుడు మేస్త్రి ఏమన్నాడో తప్పక రాయమని పూజ అడుగుతోంది.

పానగల్,
శనివారం

ఒరే అల్లుడా, ఆగు!

ఆగమాగంగ రాస్తున్న. నీ ఉత్తరం ఇయ్యాల్నే అందింది. మొదటి నంబరుకు చేసిన. మహబూబ్‌నగర్ అన్నడు. ఎల్లేష్ దేవుడన్నడు. వెనక మేకపిల్ల అరుస్తాంది. రెండో నంబరు ఒకామె, కల్వకుర్తి అన్నది. అదే మేకపిల్ల! మూడో ఆయన జడ్చర్ల అన్నడు. మళ్ల అదే!

నలభై ఏండ్ల సంది మంద కాస్తున్న. వంద పిల్లలల్ల ఏది ఏ తల్లిదో గొంతు విని చెప్తనని నీకెరుకే. ఈ పిల్ల మూడుసార్లు అరిచి ఒకసారి దగ్గుతది. మూడు ఊర్లల్ల మూడు పిల్లలు ఒక్క తీరుగ దగ్గుతయా? మూడో ఆయనతోని అన్న, "అయ్యా, ఇంటి సంగతి పక్కన పెట్టు. ముందు ఆ పిల్లకు వాము కషాయం పట్టు. పొద్దటి సంది మూడు ఊర్లు తిరిగి అలసిపోయింది." టక్కున ఫోన్ పెట్టేసిండు.

నీకు చేస్తే ఎత్తుతలేవు. కంపెనీ గేటు కాడ ఫోన్లు పెట్టించుకుంటరట గద. మన పక్కింటి పుష్పమ్మ షాద్‌నగర్ పోతాంది, ఆమె చేతికిస్తున్న. శుక్రవారం అంటివి, నిన్ననే పాయె. ఇచ్చినవా? ఇస్తే ఇగ బాత్‌రూము లేదు, గొర్లూ లెవ్వు. మీ అత్త అన్నం ముట్టలే.

గుండె దడతోని,
మామ

తా.క.: నేను తిన్న. గని మింగుడు పడలే.

షాద్‌నగర్,
ఆదివారం

మామా,

డబ్బు నా దగ్గరే ఉంది. ఫోన్లో చెప్తే నోటిమాట అంటావని రాసి పుష్పమ్మ చేతికే ఇస్తున్నాను. ముందు ఈ ఒక్క ముక్క అత్తకు వినిపించి అన్నం పెట్టు. మిగతాది తర్వాత చదువు.

శుక్రవారం బ్యాగుతో వెళ్లాను. ఎల్లేష్ నవ్వాడు. ఏం చేయను, నా కళ్లు ఆయన పళ్ల మీదికే పోయాయి. నీ జబ్బు నాకూ అంటింది! "మూడు రోజులాగి వస్తాను, అప్పుడూ ఇదే రేటు చెప్పాలి" అన్నాను. మనిషి మొహం మారిపోయింది. "ఈ రేటు ఇవాళ్టికే" అని గట్టిగా అరిచాడు. నాకు ఉప్పు మేపిన గొర్రె గుర్తొచ్చి బ్యాగుతో బయటపడ్డాను. నిన్ను అంతగా తిట్టి ఈ సంగతి చెప్పడానికి సిగ్గేసింది.

ఇవాళ పుష్పమ్మ నీ ఉత్తరం తేగానే పరుగెత్తాను. ఆఫీసుకు తాళం. నిన్ననే సామాను సర్దుకుపోయాడట. కిటికీ కింద ఇంటి ఓనరు కట్టేసుకున్న మేకపిల్ల ఉంది. మూడుసార్లు అరిచి, ఒకసారి దగ్గింది. మామా, నీకు దండం!

యోహానుతోనే పని మొదలుపెట్టించు. కాగితం మాత్రం రాయించుకో, పని అయినంతవరకే డబ్బివ్వు.

బతికిపోయిన
నీ అల్లుడు

తా.క.: పూజ ఓనరు దగ్గర ఆ మేకపిల్లను కొనేసింది. పుష్పమ్మతో పంపుతున్నాం.

పానగల్,
మొదటి వాన పడ్డ రోజు

అల్లునికి, కోడలు పూజకు దీవెనలు.

బాత్‌రూము అయింది. పొద్దున వాన దంచుతాంటే మీ అత్త మంచం దిగి, ఏడడుగులేసి, కాలు తడవకుంట పోయొచ్చింది. వచ్చి కూసోని కండ్లు తుడుసుకున్నది. నాకు గూడ పానం నిమ్మళమైంది.

"చూసినవా, నా పరీక్షకు ఎదురుందా" అన్న. మీ అత్త నవ్వింది. ఇగ అసలు సంగతి విను. యోహాను ఇంతకుముందు కట్టిన మూడు ఇండ్లకు ఈమె మోకాళ్లు పట్టుకోని పోయిందట. బకెట్లతోని నీళ్లు గుమ్మరించి, ఎటు పోతున్నయో చూసొచ్చిందట. అటెన్క యోహానుకు చెప్పిందట: "మా ఆయన పండ్లు చూస్తడు, నోరు తెరువు. మూడు దినాలాగి రమ్మంటడు, అదే రేటు చెప్పు. పని నీదే."

నలభై ఏండ్ల మందకాపరిని! నన్నే సంతల నిలబెట్టింది.

ఇట్లు,
పరీక్షల తప్పిన
నీ మామ

తా.క.: మేకపిల్ల దగ్గు తగ్గింది. నేను ఫోన్ మాట్లాడేటప్పుడు మాత్రం దాన్ని దూరంగ కట్టేస్తున్న. వినెటోళ్లు నన్ను గూడ కాంట్రాక్టర్ అనుకుంటరు.